అత్త పారబోసిన ఉప్పునీళ్ళు

మా మేనత్త పోయిందని ఆవపల్లి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను నగర్‌నార్‌లో మా ఇంటి వసారాలో, మూతికి నెబ్యులైజర్ మాస్కు తగిలించుకుని కూర్చున్నాను. ఫోన్ నాన్న తీశారు. అత్తకు జ్వరమని తెలుసు, తగ్గుముఖం పట్టిందని కూడా విన్నాం. నాన్న "ఎప్పుడు?" అని మాత్రం అడిగి, ఫోన్ పెట్టేసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఆయన మొహం చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా మాస్కు తీయలేదు. మందు అయిపోయేదాకా పీల్చాను. మధ్యలో ఆపితే అత్త ఊరుకునే మనిషి కాదు.

మా ఇంట్లో అందరూ ముందుగా గుండె దిటవు చేసుకున్నది నా కోసం, అత్త కోసం కాదు. నాకు పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం కలిస్తేనే వచ్చే జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా గట్టిపడిపోతుంది, అందులో క్రిములు కాపురం పెడతాయి. తిన్న కొవ్వు ఒంటికి పట్టదు. చెమటలో ఉప్పంతా పోతుంది. విశాఖలో ఈ జబ్బుకు పేరు చెప్పిన పెద్ద డాక్టరు, ఈ పిల్ల ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడు. అత్త మాత్రం చెప్పేసింది.

"నా కంటె ముందు పోయినవనుకో, నీతో మాట్లాడ."

ఆమె బతుకులో పెద్ద కోరిక ఏదైనా ఉందంటే అదొక్కటే. నేను ఊపిరి పీలుస్తూ ఉండగా తను పోవాలి. అది నెరవేరింది. అందుకు సంతోషించమని ఆమె అయితే చెప్పేది. నాకింకా చేతకావడం లేదు.

నా చిన్నతనమంతా బైలాడీల కొండల కింద గని టౌన్‌షిప్‌లో గడిచింది. నాన్న వర్క్‌షాప్‌లో డోజర్ల మెకానిక్కు, అమ్మ బడిలో టీచరు. కొండ మీద ఇనుపరాయి తవ్వేవాళ్ళు. ఎర్రదుమ్ము కిటికీ చువ్వల మీద, ఆరేసిన బట్టల మీద, తులసి ఆకుల మీద కూడా పడేది. అందుకని నా దగ్గును ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. "లాల్ మట్టీ హై, ఇక్కడ ఎవరు దగ్గరు?" అనేవారు ఇరుగుపొరుగు. మామయ్య పోయాక, పిల్లలు లేని అత్త, తమ్ముడి ఇంట్లో నాలుగు రోజులుండి పోదామని ఆవపల్లి నుంచి వచ్చింది. సరిగ్గా ఆ వేళకే నా జబ్బు పేరు బయటపడింది. ఆ నాలుగు రోజులు నేను కాలేజీ దాటేదాకా సాగాయి.

రోజూ పొద్దున నన్ను తల కిందికి వాలేట్టు బోర్లా పడుకోబెట్టి, అరచెయ్యి దోసిలిలా పట్టి, వీపంతా తట్టాలి. అలా తడితేనే కఫం కదులుతుంది. విశాఖలో నేర్పినప్పుడు అమ్మకు చెయ్యి రాలేదు. కన్నబిడ్డను కొట్టినట్టుంటుందని ఆమె రెండు దెబ్బలు వేసి ఏడ్చేది. అత్త కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"నువ్వు లెవ్వు మరదలా. నేను ఎన్ని బస్తాల చింతపండు కొట్టి గింజలు తీసిన్నో నీకెర్కనా?"

"చింతపండు కాదమ్మా, పిల్ల," అన్నది అక్కడి నర్సు.

"ఎరికే. పిల్లనయితె దోసిలి పట్టి కొడత."

అలా మొదలైంది. తడుతూ కబుర్లు చెప్పేది. ఆవపల్లి సంతలో ఎవరు ఎవరితో పోట్లాడారు, బాసగూడ వాగు పొంగితే పెళ్ళివారు ఒడ్డున ఎలా వంట వండుకున్నారు, ఎవరి ఆవు ఎవరి చేను మేసింది, అన్నీ నా వీపు మీదుగానే నాకు తెలిశాయి. కథ మంచి పట్టులో ఉండగా దగ్గు వస్తే నేను ఆపుకునేదాన్ని. అప్పుడు ఒక్కటి గట్టిగా పడేది. "దగ్గును రానీ. అదేమన్న చుట్టమా, కూసోబెట్టి మర్యాద చేస్తాన్నవ్?"

నాకు జాలి చూపించేవాళ్ళంటే ఒళ్ళు మంట. "అయ్యో పాపం" అని తల నిమిరేవాళ్ళు టౌన్‌షిప్ నిండా ఉండేవారు. అత్త ఒక్కరోజు కూడా అయ్యో అనలేదు. నేను అన్నం వదిలేస్తే తిట్టింది, మందు దాచేస్తే తిట్టింది, పరీక్షలో సున్నా వస్తే "ఊపిరితిత్తులకు రోగమొస్తే లెక్కలకేం రోగం?" అని తిట్టింది. బడిలో మిగతా పిల్లలకు దొరికే తిట్లన్నీ నాకూ సమానంగా దొరికాయి. అది ఎంత పెద్ద ఉపకారమో జబ్బుతో పెరిగినవాళ్ళకే తెలుస్తుంది.

టౌన్‌షిప్ ఆసుపత్రి డాక్టరు గారు మన తెలుగాయనే, కోస్తా నుంచి వచ్చినాయన. ఆయన దగ్గర ఒక యంత్రం ఉండేది. గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదితే, ఊపిరి ఎంత ఉందో అంకె చూపిస్తుంది. నేను ఊదుతున్నంతసేపూ నా పక్కన అత్త కూడా బుగ్గలు పూరించి, కళ్ళు పెద్దవి చేసి ఊదేది. "అమ్మాజీ, ఆప్ నహీ, బచ్చీ," అని నర్సు నవ్వేది. అంకె కాస్త పెరిగితే అత్త ఆ పూట ఆసుపత్రి మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకూ చెప్పేది. తెలుగువాళ్ళకు తెలుగులో, సంతకొచ్చిన దొర్ల తెగ ఆడవాళ్ళకు వాళ్ళ దొర్లీ భాషలో, గేటు దగ్గర కాపలా అతనికి హిందీలో. వాళ్ళకు అర్థమయ్యేది పిల్ల బాగుందని మాత్రమే, దానికే వాళ్ళూ సంతోషించేవారు.

ఒకసారి డాక్టరు గారు కొత్త మందులు రాశారు. రాస్తూ, మాకు అర్థం కావాలని ఓపిగ్గా చెప్పారు. "ఈ పాప ఊపిరితిత్తుల్లో వాపు ఎప్పుడూ ఉంటుంది. ఆ వాపులో పుట్టే కొన్ని పదార్థాలు లోపలి కణాలనే తినేస్తాయి. ఇనుముకు తుప్పు పట్టినట్టు అనుకోండి. దాన్ని అడ్డుకునేవి యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ ఇ ఎలాగూ ఇవ్వాలి, కొవ్వు పట్టని ఒంట్లో అది తక్కువగానే ఉంటుంది. నీళ్ళలో వేసి తాగే ఈ బిళ్ళ కూడా వాడి చూద్దాం. వీటివల్ల ఊపిరి పెరుగుతుందని మాత్రం గట్టిగా చెప్పలేను. కొందరికి మేలు కనిపించిందంటారు, కొందరికి ఏ తేడా లేదంటారు." దాంతోపాటే మరొకటి రాశారు. చిక్కటి ఉప్పునీళ్ళు. నెబ్యులైజర్‌లో పోసి, ఆవిరిలా వచ్చేదాన్ని రోజూ పీల్చాలి.

అత్త చెవిలో పడింది తుప్పు ఒక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వేరే ఊళ్ళో ఆ పోలిక చెబితే ఎవరైనా తల ఊపి మర్చిపోయేవారు. మా ఊరు అలాంటిది కాదు. అక్కడ అందరి అన్నమూ ఇనుములోంచి వచ్చేది, అందరి శత్రువూ తుప్పే. వానలు మొదలైతే బక్కెట్లకు తుప్పు, గేటు మడతబందులకు తుప్పు, నాన్న నోట రోజూ తుప్పు కబుర్లే. ఓడలో వచ్చిన యంత్రం సముద్రపు గాలికే పాడైందని ఆయన ఒకసారి భోజనాల దగ్గర వాపోయారు. ఉప్పూ నీళ్ళూ కలిస్తే ఇనుము గతి ఏమవుతుందో మా క్వార్టర్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అలాంటి ఊళ్ళో, ఇన్నేళ్ళు ఎర్రదుమ్ము మింగిన పిల్ల లోపల తుప్పు పట్టిందని స్వయంగా డాక్టరు చెప్పాడు. చెప్పిన నోటితోనే ఉప్పునీళ్ళు పీల్చమన్నాడు!

అత్త ఆ సంగతి ఎవరితోనూ చర్చించలేదు. తనకు తోచిన వైద్యం మొదలుపెట్టింది. నీళ్ళలో వేస్తే బుసబుసమని పొంగి కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే ఆ బిళ్ళను భక్తిగా తాగించేది, అది తుప్పు మందు గనక. ఇత్తడి చెంబుకు, కత్తికి పట్టిన మురికిని చింతపండు వదలగొడుతుంది కాబట్టి పులుపు మంచిదనుకుంది. ఆవపల్లి నుంచి బస్తాలతో ఉసిరికాయలు తెప్పించింది. ఎండు ఉసిరి, తేనెలో ఉసిరి, ఉసిరి పచ్చడి, ఉసిరి చారు. చివరికి సంతలో ఎర్రచీమల చట్నీ కూడా తెచ్చింది, దాని పులుపు ఇంకా గట్టిదని. నేను ఇష్టంగానే తిన్నాను. పొద్దున్నే అందరూ లేవకముందు ఉప్పునీళ్ళ సీసా తీసుకెళ్ళి పెరటి కాలువలో పోసి, కాచి చల్లార్చిన మామూలు నీళ్ళు యంత్రంలో నింపేది. ఆవిరి ఒకేలా కనిపిస్తుంది కదా, అమ్మకూ నాన్నకూ అనుమానం రాలేదు. మొదటి రోజుల్లో ఉప్పునీళ్ళు పీలిస్తే గొంతు గరగరలాడి దగ్గు తెరలుతెరలుగా వచ్చేది. అది తగ్గిపోయిందని నేను సంతోషించాను. తన మందు పనిచేస్తోందని అత్తా సంతోషించింది.

ఆ వానాకాలం నా అంకె పడిపోయింది. తర్వాతి నెల మళ్ళీ పడింది. ఆ పైన జ్వరం, మంచం, ముక్కులో ఆక్సిజన్ గొట్టం. టౌన్‌షిప్ ఆసుపత్రిలో నన్ను చేర్చుకున్నారు. రైలు మార్గంలో కొండచరియ విరిగిపడడంతో విశాఖకు తీసుకుపోవడం కుదరలేదు. మాట్లాడితే ఆయాసం. అమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చునేది. ఇక నేను మిగలనేమోనని ఆ గదిలో అందరికీ అనిపించిందని తర్వాత తెలిసింది. నాకైతే అప్పుడే తెలుసు.

డాక్టరు గారు వచ్చి, కాగితాలు చూసి, అడిగారు. "అన్ని మందులూ వాడుతున్నారు కదా? ఏదీ మానలేదు కదా?"

"లేదు సార్, ఒక్కపూట కూడా," అన్నారు నాన్న.

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ అత్త ముందుకొచ్చింది. "ఉప్పునీళ్ళు ఇయ్యలే సార్. నేనే పారబోసిన."

నాన్న "అక్కా!" అని లేచారు. జన్మలో అక్క మీద గొంతు ఎత్తని మనిషి. డాక్టరు గారు చెయ్యి అడ్డం పెట్టి ఆయన్ను కూర్చోబెట్టారు.

"ఎందుకు పారబోశావమ్మా?"

"లోపల తుప్పంటిరి గద సార్. తుప్పు మీద ఉప్పునీళ్ళు ఎట్ల పోస్తం? ఒళ్ళే ఉప్పును బయటికి తోసేస్తాంది, చెమటల చూస్తలేమా? మల్ల దాన్ని లోపటికి ఎట్ల పంపిస్త? పిల్ల మొత్తం పాడైతదని భయమయ్యింది." ఆమె నా వైపు చెయ్యి చూపించింది. "నాదే పాపం. పిల్లనేమనకుర్రి. దానికెర్క లేదు."

ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. కోప్పడతారని అందరం అనుకున్నాం.

"ఆ మాట అన్నది నేనమ్మా. పోలిక చెప్పాను గానీ, అది పోలిక మాత్రమేనని చెప్పలేదు. ఈ ఊళ్ళో చెప్పాల్సిన పోలిక కాదది. లోపల ఇనుమూ లేదు, తుప్పూ లేదు. వానాకాలం ఉప్పు డబ్బా మూత తీసి పెడితే ఏమవుతుంది?"

"చెమ్మగిల్లుతది. నీళ్ళు కారుతది."

"గాలిలో నీళ్ళను తన దగ్గరికి లాక్కుంటుంది కదా. ఊపిరితిత్తుల్లోనూ అంతే. ఉప్పు నీళ్ళను లాగితే, ఎండి అతుక్కున్న కఫం నానుతుంది. నానితే నువ్వు తట్టినప్పుడు ఊడి వస్తుంది. లేకపోతే నువ్వు ఎంత తట్టినా అది కదలదు."

అత్త గిన్నె తోముతున్నట్టు చెయ్యి తిప్పింది. "అడుగంటిన గిన్నె నానేసినట్టు."

"అంతే."

"గిట్ల చేసుడుతోటే పిల్లకు గిట్లయ్యిందా సార్?"

"దీనివల్లే అని చెప్పలేను. క్రిమి పెరిగింది, వానలు పడ్డాయి. కానీ ఇది ఉంటే కొంత సాయంగా ఉండేది." ఆయన అబద్ధం చెప్పి ఆమెను ఓదార్చలేదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

"మరి ఉసిరికాయ?"

"తినిపించు. మంచిదే. ఊపిరి పెరుగుతుందని మాత్రం నా దగ్గర మాట తీసుకోకు."

నేను కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. పోయిన ఊపిరిలో కొంత తిరిగి రాలేదు కూడా. ఇంటికొచ్చాక అత్త ఉప్పునీళ్ళ సీసా మూత తీసి, నాలుక మీద ఒక చుక్క వేసుకుని, మొహం చిట్లించి, "విశాఖల సముద్రమే ఇది. రోజూ గింత పీలుస్తాన్నవా బిడ్డా," అంది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ మందు తప్పనివ్వలేదు. నాన్న మాత్రం అక్కతో మాట్లాడడం మానేశారు. అత్త పెట్టె సర్దుకుని ఆవపల్లి వెళ్ళిపోతుందని అమ్మ కూడా అనుకుంది. ఒక సాయంత్రం అత్త ఆయన ముందు అన్నం కంచం పెట్టి చెప్పింది. "తమ్మీ, కోపముంటె ఉండనీ. నాకు నామోషీ లేదు. నేనయితె పోను. పోతె పొద్దుగాల పిల్ల వీపు ఎవరు తడ్తరు?" నాన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నారు. మర్నాడు "అక్కా, చాయ్" అన్నారు. మా ఇంట్లో క్షమాపణలూ క్షమించడాలూ అంతకన్నా విపులంగా జరగవు.

ఆమె చేసిన పొరపాటు గురించి ఇంత రాయడం కొందరు చుట్టాలకు నచ్చకపోవచ్చు. పోయిన మనిషి గురించి మంచే చెప్పాలంటారు. నేను చెబుతున్నది అదే. ఆ రోజు ఆమె నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మర్నాటి నుంచి చప్పుడు కాకుండా సీసాలోని ఉప్పునీళ్ళే యంత్రంలో పోసి, తన పరువు తను కాపాడుకుని ఉండొచ్చు. డాక్టరు గారు అసలు సంగతి తెలియక, నా మందులన్నీ మార్చేసి ఉండేవారు. తమ్ముడి ముందు, మరదలి ముందు, చావు అంచున ఉన్న పిల్ల ముందు, "నేనే" అనగలిగింది. అంత ధైర్యం చదువుకున్న నాకు ఇంతవరకు అవసరం పడలేదు. పడితే ఉంటుందో లేదో తెలియదు.

అప్పటి నుంచి ఆమెకు ఒక ఊతపదం పట్టుకుంది. డాక్టరు ఏం చెప్పినా, "ఇది పోలికనా సార్, నిజమేనా?" ఆయన నవ్వి, "నిజమేనమ్మా" అంటేనే కదిలేది. మెల్లగా అది ఆసుపత్రి దాటి ఊళ్ళోకి వచ్చింది. పక్క క్వార్టర్‌కు పెళ్ళి సంబంధం తెచ్చినాయన "అబ్బాయి బంగారం" అంటే, అత్త గోడ మీంచి తొంగిచూసి అదే ప్రశ్న వేసింది. ఆ ఇంటావిడ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నాన్న రిటైరయ్యాక మేం నగర్‌నార్ వచ్చేశాం. అప్పటికి నేను ఎవరి చెయ్యీ లేకుండా శ్వాసతోనే కఫాన్ని పైకి తెచ్చుకునే పద్ధతులు నేర్చుకున్నాను. ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాను. "ఇగ నాకు పని లేదు," అని అత్త ఆవపల్లిలో తన పొలం దగ్గరికి వెళ్ళిపోయింది. పని లేదన్న మనిషి రోజూ పొద్దున ఫోన్ చేసేది. బాగున్నావా అని అడిగేది కాదు. "ఏదీ, దగ్గు వినిపియ్," అనేది. నేను ఫోన్‌లో దగ్గేదాన్ని. విని, "మంచిగనే ఉంది," అనో, "దవాఖానకు పో," అనో తీర్పు చెప్పేది. ఆమె చెప్పిన తీర్పుల్లో సగం తప్పే. మంచిగుందన్న రోజు జ్వరం వచ్చేది, ఆసుపత్రికి తోలిన రోజు డాక్టర్లు ఏమీ లేదని పంపేసేవారు. అయినా ఆ ఫోన్ రాని పొద్దులు ఇప్పుడు ఎలా గడపాలో నాకు తెలియడం లేదు. చాలా దిగులుగా ఉంది. దీన్ని ఇంతకంటే అందంగా చెప్పడం నాకు రాదు.

మా వైపు పోయినవాళ్ళ పేర పొలం పైన మెట్ట మీద ఒక రాయి నిలబెడతారు. దుంగకు తాళ్ళతో కట్టి, నలుగురు మగవాళ్ళు భుజాన మోస్తారు. పోయినవాళ్ళ ఇంటి మనిషి ఒకరు ముందు తాడు పట్టుకుని నడవాలి. దారిలో రాయి కింద పెట్టకూడదు, తాడు వదలకూడదు. అత్తకు బిడ్డలు లేరు. నాన్నకు మోకాళ్ళు సహకరించవు. ఎవరు పట్టుకోవాలా అని ఆవపల్లిలో పెద్దలు మాట్లాడుకుంటుంటే నేను వెళ్ళి తాడు పట్టుకున్నాను.

"నువ్వద్దు బిడ్డా, దమ్ము ఆడదు, మెట్ట ఎక్కాలె," అన్నాడు మామయ్య తరఫు పెద్దాయన.

"ఎక్కుతా," అన్నాను.

నడిచాం. ఎక్కడం మొదలవగానే ఛాతీ బిగిసింది. దగ్గు వచ్చింది, వంగి దగ్గాను, తాడు వదలలేదు. వెనక మోస్తున్నవాళ్ళు అంత బరువు భుజాన పెట్టుకుని నిలబడి, నేను కదిలాకే కదిలారు. నా అడుగును బట్టి వాళ్ళ అడుగు. ఎండ ఎక్కింది. పైకి చేరాక గోతిలో రాయి దింపి, మట్టి కప్పి, అందరూ నా వైపు తిరిగారు. ఊపిరి అందుతోందా లేదా అని చూస్తున్నారని తెలుస్తూనే ఉంది.

అందుతోంది. ఇంకా కొంత మిగిలి ఉంది. ఆ మిగిలినదంతా కూడదీసుకుని, "అత్తా" అని పిలిచి ఏడ్చాను. కింద పొలంలో వరి కోస్తున్నవాళ్ళు కొడవళ్ళు ఆపి, తలెత్తి మెట్ట వైపు చూశారు.